ఫైలుకు తోడు

"మీ మేనేజరు శివరామకృష్ణ గారు నిన్న ఫోన్ చేశారు. నిన్ను గుంటూరులోనే ఉంచమని చెప్పేశాను," అన్నాడు జక్రయ్య, బడికి బయల్దేరుతూ సాక్సులు తొడుక్కుంటూ.

జయకుమారి అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయింది, చేతులు అయ్యాయి, వీపు మిగిలింది. ఇస్త్రీపెట్టె అక్కడే ఆగిపోయింది. ఇంకాసేపుంటే చొక్కా మాడేదే.

"దేని గురించి?"

"అదే, మీ మూడాఫీసులూ కలిపి ఒకటి చేస్తున్నారంటగా. ఎవరిని ఎక్కడ వెయ్యాలో లిస్టు రాస్తున్నారు. సత్తెనపల్లిలో తిరుగుడు ఉద్యోగం ఒకటుందంట. మేడమ్‌కి ఇబ్బందేమో అన్నారు పాపం, మంచి మనిషి. ఈ మోకాళ్ళతో నువ్వు బస్సులెక్కి దిగగలవా? అమ్మకి పదకొండింటి మాత్ర ఎవరిస్తారు?"

లోపలి గదిలో అత్తగారు దగ్గింది. జయకుమారి చొక్కా తీసి భర్త చేతికిచ్చింది. నిన్న ఫోన్ చేశారట. నిన్న రాత్రి భోజనాల దగ్గర తను అతనికి రెండుసార్లు చారు పోసింది. అప్పుడు గుర్తు రాలేదో, చెప్పాల్సిన సంగతని తోచలేదో.

ఆఫీసు ఇంటికి ఇరవై నిమిషాల నడక. నిజానికి ఆ మాట వినగానే ముందు ఆమె ప్రాణానికి హాయిగానే అనిపించింది. పొద్దున్నే బస్సులెక్కే పనుండదు, అత్తయ్య మాత్ర వేళ తప్పదు, ఇంట్లో గొడవుండదు. వీధి మలుపు తిరిగేసరికి ఆ హాయి తలుచుకుని సిగ్గేసింది. రెండు నెలలుగా ఆమె కోరుకున్నది ఆ సత్తెనపల్లి ఉద్యోగాన్నే. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఒక చీర నచ్చిందని చెప్పడానికి కూడా సమయం చూసుకోవడం అలవాటైపోయింది. ఇంత పెద్ద కోరికకు సరైన సమయం ఎప్పుడొస్తుందో ఆమెకు తెలియలేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఇంటర్వ్యూలో, చిన్న పరిశ్రమలకు అప్పులిప్పించే ఈ ఉద్యోగమే ఎందుకమ్మా అని అడిగారు. "మా అమ్మ మిరపకోతకి కూలికెళ్ళేదండి. రాత్రుళ్ళు చేతులు మండి నిద్రపోయేది కాదు. అలాంటివాళ్ళు సొంతంగా ఏదన్నా పెట్టుకునేలా చూడాలని," అంది. ఉద్యోగమిచ్చారు. ఇచ్చి, దరఖాస్తులకు నంబర్లేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మీటింగులకు టీలు, బిస్కెట్లు, బొకేలు ఆమె వంతు. 'జయకుమారి గారుంటే మా ఇంట్లో ఉన్నట్టుంటుంది' అనేవారు. పొగడ్తే. ఇల్లు దాటి వచ్చాక కూడా ఆమెకు ఇంట్లోనే ఉన్నట్టుండేది.

మౌలాబీ ఆ బల్ల దగ్గరికే వచ్చింది. సత్తెనపల్లిలో మిరపకాయల ముచ్చికలు తుంచే కూలిమనిషి. ఇంచుమించు జయకుమారి ఈడే. తనలాంటి ఇరవై ఇద్దరు ఆడవాళ్ళను కూడగట్టింది. వాళ్ళకొక షెడ్డు కావాలి, అందులో గాలి, నీళ్ళు ఉండాలి, కారం ఆడే మర ఒకటి పెట్టుకోవాలి. అంతే. అప్పుకూ రాయితీకీ జయకుమారి ఆఫీసు. స్థలానికి గుంటూరు ఆ చివరన ఇంకొకటి. శిక్షణకు మూడోది. స్థలం వాళ్ళు అప్పు కాగితం తెమ్మన్నారు. అప్పు వాళ్ళు స్థలం కాగితం తెమ్మన్నారు. శిక్షణ వాళ్ళు మూడురోజులు పాఠం చెప్పి, ఫొటో తీసి, సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. మూడేళ్ళు తిరిగింది మౌలాబీ. ఒకరోజు జయకుమారి సెలవు పెట్టి ఆమెతో బస్సెక్కి సత్తెనపల్లి వెళ్ళింది. కాగితాలు అక్కడే కూర్చుని రాసింది. సాయంత్రం ఆడవాళ్ళందరూ బస్టాండు దాకా వచ్చి సాగనంపారు. దారిపొడవునా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, ఆ ఘాటుకు బస్సంతా తుమ్ములు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో, ఉద్యోగం చేశాననిపించింది ఆ ఒక్కరోజే. ఆ కాగితాలు కూడా ఏదో సంతకం దగ్గర ఆగిపోయాయి. మౌలాబీ రావడం మానేసింది.

పోయిన ఏడాది సచివాలయం నుంచి కమిటీ వచ్చింది. ఈ ఆఫీసులన్నిటినీ ఎలా కలపాలో అభిప్రాయాలు చెప్పమన్నారు. సార్లందరూ చెప్పారు. కంప్యూటర్లన్నారు, కొత్త భవనమన్నారు. టీలు సర్దుతూ నిలబడ్డ జయకుమారి నోట్లోంచి, ఎవరూ అడక్కుండానే, మాట వచ్చేసింది.

"మూడు బోర్డులూ పీకి ఒక బోర్డు కడితే చాలదండి. ఇప్పుడు మనిషి ఫైలు చుట్టూ తిరుగుతోంది. ఫైలుకొక మనిషిని తోడివ్వండి. ఆ తిరుగుడేదో మనవాళ్ళే తిరుగుతారు."

శివరామకృష్ణ గారు ముఖం చిట్లించారు. కమిటీలో ఒకాయన పెన్ను తీసి రాసుకున్నాడు. రెండు నెలల కిందట ఉత్తర్వు వచ్చింది. ప్రతి డివిజనుకూ ఒక అధికారి. దరఖాస్తు అందిన రోజు నుంచి పని మొదలయ్యే రోజు దాకా అన్ని శాఖల చుట్టూ ఆ అధికారే తిరగాలి. ఆ పేరా ఆమె వంటింట్లో నిలబడి మూడుసార్లు చదువుకుంది. తన పేరు లేదని బాధపడలేదు. ఆ పని తనకు కావాలని మాత్రం గట్టిగా కోరిక పుట్టింది.

ఆ పొద్దున ఆఫీసుకు చేరగానే ఆమె నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. జోనల్ మేనేజరు శివరామకృష్ణ, ఆమె కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందనుకున్నాడు.

"ఆడవాళ్ళు నలుగురినీ ఇక్కడే సర్దేశానమ్మా. రికార్డులు, మీటింగులు. ఎండల్లో తిరిగే పనుండదు."

"సత్తెనపల్లికి ఎవరండీ?"

"వీరబాబు."

"నన్ను అడగలేదు కదండీ."

"అదేంటమ్మా, జక్రయ్య గారిని అడిగాగా!"

"వీరబాబు గారి సంగతి వాళ్ళావిడని అడిగారా అండీ?"

ఆయన పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు కొంతదూరం ఒంటరిగా పోయి ఆగింది.

"ఎవరికెక్కడ ఇష్టమో వాళ్ళే రాసివ్వాలని ఉత్తర్వులో ఉందండి. ఆ ఫారం ఇప్పించండి."

"సాయంత్రంలోగా పంపాలమ్మా. తొందరపడకు. ఇంట్లో ఒక మాట అనుకుని..."

"ఇంటి నుంచి ఇరవై నిమిషాలు నడిచొచ్చానండి. అంతసేపూ అనుకున్నాను."

ఫారంలో సత్తెనపల్లి అని రాసింది. కింద సంతకం చేసింది. పదకొండయింది. ఇంటికెళ్ళి అత్తయ్యకు మాత్ర ఇచ్చి వచ్చింది.

సాయంత్రం సంగతి విని జక్రయ్య అరవలేదు. అరిచే మనిషి కాదు; ఆదివారం చర్చిలో, నా భార్య సహకారమే నా బలమని సాక్ష్యం చెప్పే మనిషి. "నాతో ఒక్క మాట చెప్పాల్సింది కుమారీ," అన్నాడు.

"నాకూ అదే అనిపించిందండి, పొద్దున," అంది ఆమె.

నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు, అమ్మ మాత్ర తిండికి ముందా తర్వాతా అని అడిగాడు. చెప్పింది. రాసుకున్నాడు.

ఆర్డరు మార్చిలో చేతికొచ్చింది. సోమవారం ఏడింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మేడికొండూరు దాటాక పత్తి చేలల్లో ఎండుకట్టె పీకేస్తున్నారు. ఎన్నాళ్ళుగానో రావాలనుకున్న దారి. తీరా వస్తుంటే, ఆలస్యమైపోయిందేమోనని భయమేసింది.

మౌలాబీ ఇంటి గుమ్మంలో కూర్చుని ఉంది. చూపు ఆనక కళ్ళు చికిలించింది.

"గుంటూరు మేడమా? షెడ్డు సంగతైతే ఎత్తొద్దు. తిరిగి తిరిగి నా కాళ్ళు పొయ్యాయి. ఆ ఆశ కూడా పొయ్యింది మేడమ్."

జయకుమారి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది. సంచిలోంచి కొత్త దరఖాస్తు తీసింది.

"నువ్వు కూర్చో మౌలాబీ. ఈసారి తిరిగేది నేను."

మౌలాబీ దరఖాస్తు అందుకుని కళ్ళ దగ్గరికి పెట్టుకుని చూసింది. "ఎవరు పంపారు మేడమ్ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు. నేనే అడిగి వేయించుకున్నాను."

వీధిలో మిరప బస్తాల ట్రాక్టరు పోయింది. ఇద్దరూ తుమ్మారు. మౌలాబీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మా ఆడవాళ్ళలో మొదటి పేరు నస్రత్ అని రాయండి," అంది. "నాది ఆఖర్న రాయండి. అప్పటికి నమ్మకం కుదురుతుందేమో చూస్తా."