ఆదివారం కోత

విశ్వాసం గురించి చెప్పడంలో ఆ ఊళ్ళో ప్రేమ్‌చంద్‌ను మించినవాడు లేడు. పాస్టరుగారు అద్దంకి నుంచి వారం విడిచి వారం వస్తారు. ఆయన రాని ఆదివారాలు సంఘ పెద్దగా ప్రేమ్‌చంద్‌వే. "కంటికి కనబడేదాన్ని నమ్మడానికి విశ్వాసం ఎందుకయ్యా, కళ్ళు చాలవూ?" అని ఆయన మైకులో గద్దిస్తే చివరి వరసలో కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. అబద్ధమాడకూడదు, చెప్పేటప్పుడు ఆయనా నమ్మేవాడు. చిక్కంతా మైకు కట్టేశాక వచ్చేది.

ఆ మాటలు నమ్మబట్టే పేరమ్మ నిరుడు బాప్తిస్మం తీసుకుంది. భర్త పోయిన మనిషి, రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసింది. "దేవుణ్ణి మార్చిందిగా, ఇక చేనికి కాపలా కూడా ఆయనే కాస్తాడ్లే" అని మరిది అంకమ్మరావు వీధిలో నిలబడి అరిచేవాడు. పేరమ్మ వినీ విననట్టు పోయేది.

మార్చిలో రెండో కోతకి చేలన్నీ ఎర్రబడ్డాయి. ఆ రోజుల్లో పెళ్ళికొడుకైనా దొరుకుతాడు గానీ కోత ముఠా దొరకదు. కరీమున్ ముఠాలో నలభైమంది ఆడవాళ్ళు. ఆదివారం పేరమ్మ చేలోకి వస్తామని మాటిచ్చారు. అంతలో సోమవారం వాన పడుతుందని ఫోన్లలో వార్త వచ్చింది. శనివారం పొద్దున్నే పేరమ్మ ప్రేమ్‌చంద్ ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆదివారం పని పెట్టనని బాప్తిస్మం నాడు దేవుడికి మాటిచ్చాను. ముఠా చూస్తే ఆ ఒక్కరోజే ఖాళీ. కోయించమంటారా, మానమంటారా?"

పాస్టరుగారైతే, కోయించుకోమ్మా, దేవుడేమీ అనుకోడు అనేవారేమో. ప్రేమ్‌చంద్ కూడా ఒంటరిగా ఉంటే అనేవాడేమో. కానీ వరండాలో సంఘంవాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగుర్ని చూస్తే ఆయన గొంతు దానంతటదే మైకు గొంతైపోతుంది.

"మబ్బుని నమ్ముతావా పేరమ్మా, దేవుణ్ణి నమ్ముతావా?"

"దేవుణ్ణేనండీ."

"అయితే ముఠాని మానిపించు. నా చేనూ పండే ఉంది. నేనేమన్నా కోయిస్తున్నానా?"

వరండాలో నలుగురూ స్తోత్రం అన్నారు. పేరమ్మ తల ఊపి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి తూర్పున మబ్బు కమ్మింది. ప్రేమ్‌చంద్ వాకిట్లోకొచ్చి ఆకాశం చూశాడు. మూడున్నర ఎకరాల కాయ చెట్టు మీదే ఉంది. ఆ చేను కాలవ అవతల, సుబాబుల్ తోట వెనక. ప్రార్థన గుడి దగ్గర్నుంచి కనబడదు. గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, కరీమున్‌కి ఫోన్ చేశాడు.

"రేపు ఖాళీయేగా అమ్మా. మా చేలోకి రండి. ఎవరితోనూ అనొద్దు."

"గంటలో చెబుతానండి," అంది కరీమున్. గంటయ్యాక, వస్తున్నామంది. ఆ గంట ఎందుకో ఆయన అడగలేదు.

ఆదివారం ఆరాధనలో, "మా సహోదరి పేరమ్మ విశ్వాసాన్ని చూడు ప్రభువా," అని ఆయన గొంతెత్తి ప్రార్థించాడు. పేరమ్మ కళ్ళు మూసుకుని ఆమెన్ అంది. సరిగ్గా అప్పుడే ఆయన చేలో నలభైమంది సాళ్ళు పట్టుకుని కోస్తున్నారు. ఎద్దు గుంటలో పడితే విశ్రాంతి దినమైనా బయటికి తియ్యొచ్చని బైబిల్లోనే ఉందిగా, మిరపకాయ మాత్రం ఏం పాపం చేసిందని ఆయన తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ ఎద్దు పేరమ్మకి ఎందుకు వర్తించదో మాత్రం ఆలోచించలేదు.

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలపాటు దంచి కొట్టింది. ప్రేమ్‌చంద్ కాయ కల్లంలో పట్టాల కింద భద్రంగా ఉంది. పేరమ్మ చేలో సగం కాయ రాలి బురదలో పడింది. అంకమ్మరావు చేని గట్టు మీద నిలబడి, "ఏం వదినా, మీ దేవుడికి గొడుగు లేదా?" అని పదిమందినీ నవ్వించాడు.

మంగళవారం ప్రేమ్‌చంద్ ఓదార్చడానికి చేలోకి వెళ్ళాడు. సంఘ పెద్దగా వెళ్ళక తప్పదు. పేరమ్మ ఒక్కతే వంగి కోస్తోంది. శ్రమలు, పరీక్షలు అంటూ ఆయన మొదలుపెడితే ఆమె అన్నీ విని, "మీ కాయ తడవలేదుగా అన్నయ్యగారూ?" అని అడిగింది. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది.

"లేదమ్మా, దేవుని దయ."

నోటి అలవాటు. అనేశాక ఆ మాట తన చెవినే పడి ఆయన ముఖం మాడిపోయింది. ఎప్పుడూ పడనంత సిగ్గుపడ్డాడు. తడి గట్టు మీదే కూలబడ్డాడు.

"దేవుని దయ కాదు పేరమ్మా. కరీమున్ ముఠా దయ. నిన్ను మానమని చెప్పి, నీ మనుషుల్నే నా చేలోకి పిలిపించుకున్నాను."

పేరమ్మ చెయ్యి ఆపలేదు. "తెలుసండి. నన్నడిగాకే వచ్చారుగా."

ముఠాల కట్టుబాటు అది. ఒకరికి మాటిచ్చిన రోజున, పని ఆగిపోయినా సరే, ఆ రైతు సరేననకుండా ఇంకొకరి చేలో అడుగుపెట్టరు. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసినవాడికి ఆ సంగతి తట్టనేలేదు.

"తెలిసీ ఎందుకు పంపావమ్మా? నాలుగు చీవాట్లు పెట్టి, నువ్వే కోయించుకోవాల్సింది."

"మీకు భయమేసిందనుకున్నాను. నేను మానింది మీకోసం కాదుగా అన్నయ్యగారూ, ఆయనకిచ్చిన మాట కోసం. మీ సంగతి తెలిశాక నేనూ తప్పితే, నేనింతకాలం నమ్మింది మిమ్మల్నే అయ్యుండేది." నడుముకి కట్టుకున్న గోనె విప్పి ఆయన ఒళ్ళో వేసింది. "మిగిలింది రేపటికి కుళ్ళుతుంది. కూర్చుంటే ఎలా?"

ప్రేమ్‌చంద్ కోశాడు. కూలీలతో కోయించడమే గానీ తను వంగి ఏళ్ళయింది. కాసేపటికే వేళ్ళు మండాయి. ఆ చేతుల్తో కళ్ళు తుడుచుకుని, కళ్ళూ మండించుకున్నాడు. మధ్యాహ్నం పేరమ్మ క్యారేజీ విప్పి, "ప్రార్థన చెయ్యండి," అంది.

ఆయన నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా అలవాటైన మాటల్లో ఒక్కటీ రాలేదు.

"ప్రభువా, నువ్వు కనబడలేదు. మబ్బు కనబడింది. ఈమెని ముందుకి తోసి నేను వెనక దాక్కున్నాను."

ఎంతకీ ముగించకపోయేసరికి ఆమెన్ కూడా పేరమ్మే అంది.

"ఆదివారం గుడిలో కూడా ఇదే చెప్పండి," అంది అన్నం కలుపుతూ.

"అందరి ముందా?"

"నాకు చెప్పింది నలుగురి ముందేగా."

ఆయన చేతిలో ముద్ద తిరిగి పెట్టేశాడు. ఇన్నేళ్ళ పరువు, పెద్దరికం, ఆ మైకు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అవి పోయాక ఏం మిగులుతుందో ఆయనకి కనబడలేదు.

"భయమేస్తోందమ్మా," అన్నాడు.

"వేస్తుందండీ," అంది పేరమ్మ. "శనివారమంతా నాకూ వేసింది."