బావ ఎడమ పాదం

పాత అల్యూమినియం కరిగించే ఫ్యాక్టరీలో బావది కొలిమి దగ్గర పని. మరదలు తుక్కు ఏరుతుంది. అక్క మొగుడు కాబట్టి ఆమె నోటికి హద్దు లేదు. "మా బావ కొలిమికంటే ముందే మరిగిపోతాడు" అనేది అందరిముందూ. ఆయనేమీ తక్కువ తినలేదు. "నీ నోరు ఇటు తిప్పు, గ్యాసు ఆదా అవుతుంది" అనేవాడు.

ఆ మంగళవారం పొద్దున కొలిమిలో తుక్కు వెయ్యగానే ఢామ్మని పేలింది. మూత బిగిసిన డబ్బా ఒకటి, లోపల నీళ్ళతో సహా, కరిగిన లోహంలో పడింది. చిందిన లోహం బావ ఎడమ బూటులోకి జారింది. మరదలు ఆయన్ని దూరంగా లాక్కెళ్ళి, కత్తెరతో లేసులు కోసి, బూటు తీసేసి, నీళ్ళ పైపు పట్టింది.

"టూత్‌పేస్ట్ రాయండి!" అంటూ సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"రాస్తే మీ మొహానికి రాస్తా. వెళ్ళి అంబులెన్సు పిలవండి."

అది వచ్చేదాకా పైపు వదల్లేదు.

ఆసుపత్రిలో తొడ చర్మం తీసి పాదానికి అతికించారు. మరదలు రోజూ వెళ్ళేది గాని, వేళాకోళం మానేసింది. ఒకరోజు అక్క మందులకి వెళ్ళగానే చెప్పేసింది.

"బావా, ఆ డబ్బా నా కుప్పలోదే. ఊపి చూడలేదు. లారీ మీద లారీ దింపుతుంటే..."

బావ దిండు సర్దుకుని లేచి కూర్చున్నాడు.

"కోపం రాలేదని చెప్పను. కానీ నలుగురి పని నీ ఒక్కదాని నెత్తిన పడిందని తెలిసీ నోరు మెదపనిది నేను. ఉక్కగా ఉందని, బూటులోకి లోహం పడకుండా కట్టే తోలుపట్టీ విప్పి పారేసిందీ నేనే."

ఆమెకి ఏడుపు ఆగలేదు.

"ఊరుకో. మీ అక్క చూస్తే నేనేదో అన్నాననుకుంటుంది."

బావ నడవగలిగాక, తుక్కు ఏరడానికి ఇంకా మనుషుల్ని వెయ్యమని అడగడానికి ఇద్దరూ యజమాని దగ్గరికి వెళ్ళారు. రెండుసార్లు చూద్దాం చూద్దామన్నాడు. మూడోసారి కొలిమి వాళ్ళంతా వెంట వచ్చి నిలబడేసరికి, ఏరే బల్ల దగ్గర మరో ఇద్దరిని వేశాడు. అందులో ఒకరు బావే. వేడి తగిలితే కొత్త చర్మం మండుతోంది మరి.

"చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి బావా! ఫోను మాట్లాడుతున్నట్టు పట్టుకుంటే ఎలా?"

"నీ అరుపులకి చెవి పనిచేస్తేగా!"

మొదటి వారంలో బావ రెండు డబ్బాలు చూసుకోకుండా వదిలేశాడు. రెండూ ఆమె పట్టుకుంది. దాని మీద మాత్రం జోకు వెయ్యలేదు.