మనిషికో జానెడు

వేసవి సెలవుల్లో మొదటి శనివారం పొద్దున్నే సరస్సు ఒడ్డున ఉన్న చెక్క ఇంటి తాళం తీసి, మైకమ్మ కిటికీలన్నీ బార్లా తెరిచి, ముందుగా ఐసు ట్రేలు నింపుతుంది. గడికో పుదీనా ఆకు, చిన్న నిమ్మచెక్క. గ్లాసులో అవి తేలుతుంటే వచ్చినవాళ్ళు "అబ్బో" అంటారు. పది నిమిషాల పనికి అంత పేరు ఇంకెక్కడా రాదని ఆవిడ నమ్మకం.

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. ముప్ఫై ఏళ్ళుగా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి వస్తోందో, ఏది వెళ్తోందో చెప్పే ఉద్యోగం. ఆ అలవాటుకొద్దీ ఇంట్లో కూడా ఏ మాటైనా రెండేసిసార్లు చెప్తుంది. "ఉప్పు అందుకోండి, ఉప్పు అందుకోండి." ఆవిడ భర్త డ్రాయింగ్ మాస్టారు మొదటిసారి వినడం ఎప్పుడో మానేశాడు. రెండోసారికి లేస్తాడు.

పదిమంది చుట్టాలు వచ్చి వారం పైగా ఉంటారంటే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. మైకమ్మకి ఆడతాయి, ఎందుకంటే ఆవిడ దగ్గర చిట్కాలున్నాయి. వరండాలో బల్ల మీద పాత దుప్పటి పరిచి, గాలికి ఎగరకుండా అంచులకి బట్టల క్లిప్పులు పెట్టి, వాటికి దారంతో గులకరాళ్ళు వేలాడదీస్తుంది. కప్పులన్నీ ఒకేలాంటివి కాబట్టి ఎవరిది ఏదో తెలియడానికి పిడికి రంగుదారం కడుతుంది. మాస్టారికి ఎరుపు, చెల్లెలికి పసుపు. మొక్కజొన్న కంకులు ఉడకబెట్టి గిన్నెతో సహా మధ్యలో పెట్టేస్తే ఎవరిది వాళ్ళు ఒలుచుకుంటారు. చేతులకి పనుంటే నోళ్ళు పోట్లాడవంటుంది.

వీటన్నిటికన్నా పెద్ద సదుపాయం ఆ బల్లే. కిందటేడు వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తా" అన్నవాళ్ళు ఎంతమందో, ఈ ఏడు తలుపు తీసేసరికి అది అన్ని జానల పొడుగు ఉంటుంది. ఇంటివాళ్ళిద్దరూ చెరో కొసనా, చుట్టాలు రెండు పక్కలా కూర్చుంటారు గనక మనిషికి జానెడు సరిపోతుంది. ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తరుగుతుందో ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తోచనూ లేదు. ఒకసారి పంపు బాగుచెయ్యడానికి వచ్చిన ప్లంబరు మర్యాదకి "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. మరుసటి వేసవికి జానెడు ఎక్కువుంది. మైకమ్మ ఫోన్ చేసి భోజనానికి పిలిస్తే అతను చక్కగా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మేనకోడలి మొగుడు మాత్రం తొందరలో "సరే, వెళ్తున్నా" అనేసి పోయాడు. పై ఏడు వారమంతా మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో కంచం పెట్టుకుని తిన్నాడు.

చంటిపిల్లల తరఫున తల్లులు, నోరు మెదపని మొగుళ్ళ తరఫున పెళ్ళాలు చెప్తే బల్ల ఒప్పుకుంటుంది. చావుని మాత్రం లెక్కలోకి తీసుకోదు. మైకమ్మ తండ్రి "వెళ్ళొస్తా" అని వెళ్ళి ఆ చలికాలమే పోయాడు. ఆయన జానెడు మరుసటి వేసవంతా ఉండనే ఉంది. దాని ముందు ఎవరూ కూర్చోలేదు.

కిందటేడు వచ్చినవాళ్ళు పదకొండుమంది. మైకమ్మ చెల్లెలు, పిల్లలకి ఈత నేర్పే మనిషి, జబ్బు చేసి చలికాలంలో పోయింది. ఈ ఏడు బల్ల పది జానలుంది. మైకమ్మ కొలిచింది, మళ్ళీ కొలిచింది. తొమ్మిదిమంది తన ఎదురుగా నిలబడి చెప్పినవాళ్ళే. మిగిలింది చెల్లెలి జంట. ఏటా ఇద్దరికీ కలిపి చెల్లెలే చెప్పేది. మొగుడు ఆ టైముకి కారు మీదెక్కి సామాను కడుతూ ఉండేవాడు. ఇద్దరికి జానెడే ఉందంటే ఏమిటి అర్థం? అది చెల్లెలిదే అయ్యుంటుంది, చెప్పిన మనిషి అదే కదా అనుకుంది మైకమ్మ. పసుపు దారం కప్పు తెచ్చి అక్కడ పెట్టి, దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పక్కనే మరిదికి చోటు లేదన్న సంగతి తర్వాత తట్టింది.

మరిది మధ్యాహ్నానికి దిగాడు. కళ్ళద్దాలు అరగదీసే పని ఆయనది. వెంట్రుకలో సగం తేడా వస్తే అవతలివాళ్ళకి కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఏదైనా కొలవందే నమ్మడు. పిల్లల్లేరు. పదిహేను వేసవుల నుంచి ఈ ఇంటి పడవ ఆయన పూచీ, పడవ షెడ్డు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. వస్తూనే జేబులోంచి టేపు తీసి బల్ల కొలిచాడు. మనుషుల్ని లెక్కపెట్టాడు. పసుపు దారం కప్పు చూశాడు. కంచం తీసుకుని మెట్ల మీదికెళ్ళి కూర్చున్నాడు.

"ఇలా రండి మరిదిగారూ, సర్దుకుందాం, సర్దుకుందాం."

"వద్దు వదినా. అది తన చోటు."

డ్రాయింగ్ మాస్టారికి ఎవరైనా మూతి ముడుచుకుని కూర్చుంటే సరదాగా పలకరించకుండా ఉండలేని జబ్బు. "ఏంటి తోడల్లుడూ, మెట్ల మీద తపస్సా?"

"తోడే పోయాక ఇంక తోడల్లుడేంటన్నయ్యా."

నలభై ఏళ్ళు క్లాసు పిల్లల నోళ్ళు మూయించిన మాస్టారు తల దించుకుని కంకి ఒలుస్తూ ఉండిపోయాడు.

నాలుగు రోజులు మరిది మెట్ల మీదే తిన్నాడు. పడవ ముట్టుకోలేదు. ఐదోరోజు పొద్దున అందరూ రొట్టె, కాఫీల దగ్గర ఉండగా సంచీతో బయటికొచ్చి, తాళంచెవి పసుపు దారం కప్పు పక్కన పెట్టి, రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"వెళ్తాను వదినా."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళు లేరు.

"వెళ్ళొస్తాననండి," అంది మైకమ్మ. ఒక్కసారే అంది.

"లేదు వదినా. ఇన్నేళ్ళూ తనతో వచ్చేవాణ్ణి. ఇప్పుడు పిలవని పేరంటానికి వచ్చినట్టుంది. మీరెవరూ ఏమీ అనలేదు. బల్లే చెప్పింది, చోటు లేదని. పడవ అడుగున తారు పూయించండి, చెక్క విచ్చుకుంటోంది."

మైకమ్మ ఆయన మొహం చూడలేక కాళ్ళవైపు చూసింది. రెండో మెట్టు. చేతిలో సంచీ. అదే మెట్టు మీద అదే మాట ఇంతకుముందు విన్నానని అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి.

"ఆగండి, ఆగండి. కిందటేడు అది కూడా అక్కడే నిలబడి ఇదే మాటంది. 'నేను వెళ్తానక్కా, ఆయనొస్తారు' అంది. వెళ్తాననకూడదే, వెళ్ళొస్తాననాలని తిట్టాను. నవ్వి తలూపింది. తలూపిందిగా, చెప్పినట్టేలే అనుకున్నా."

"ఆయనొస్తారు అందా?"

"తను ముందెళ్ళి కారెక్కుతోంది, మీరు తాళ్ళు కట్టడం అయ్యాక చెప్పిపోడానికి వస్తారు కాబోలు అనుకున్నా. మీరు రాలేదు. మిమ్మల్ని కూడా తిట్టుకున్నా."

ఆయన సంచీ కింద పెట్టాడు. "ఇంకోసారి చెప్పండి వదినా."

"నేను వెళ్తానక్కా. ఆయనొస్తారు."

ఏ బండి వెళ్తోందో, ఏది వస్తోందో ఊరందరికీ చెప్పిన మనిషి, సొంత చెల్లెలు చెప్పింది మాత్రం ఏడాది ఆలస్యంగా విన్నది.

ఆయన సంచీవైపు చూస్తూ, "ఆస్పత్రి రిపోర్టు మీద తేదీ తను పోయాక చూశాను," అన్నాడు. "వేసవికి ముందుదే. ఇక్కడికి వచ్చేసరికే తనకి తెలుసన్నమాట. నాకు చెప్పలేదని ఇన్నాళ్ళూ కోపంగా ఉంది."

"మీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు," అంది మైకమ్మ. "బల్లకి చెప్పింది."

అందరూ బల్లవైపు చూశారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న బల్లే. దాని మీదే లెక్కలు చేశారు, దాని కిందే దాక్కున్నారు. ఇప్పుడు దాని మీద మోచెయ్యి ఆనించడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. చలికాలమంతా, తాళం వేసిన ఇంట్లో, అవతల మనిషి పోయాక కూడా, ఆ ఒక్క జానెడు అది తరగకుండా పట్టుకుని ఉంది. గులకరాళ్ళు గాలికి మెల్లగా ఊగుతున్నాయి.

ఆయన మెట్లెక్కి వచ్చి పసుపు దారం కప్పు ముందు కూర్చున్నాడు. బొటనవేలు ఒకవైపు, చిటికెనవేలు ఒకవైపు ఆనించి చెయ్యి చాపి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. అప్పుడు ఏడ్చాడు. చావు రోజున కూడా ఏడవని మనిషి, రొట్టెల పళ్ళెం ముందు, అందరి మధ్యా వెక్కి వెక్కి ఏడ్చాడు. మాస్టారు తాళంచెవి తీసి ఆయన చొక్కా జేబులో వేసి, "కాఫీ చల్లారిపోతోంది తోడల్లుడూ," అన్నాడు. ఈసారి ఆయన ఆ పిలుపుకి అడ్డు చెప్పలేదు.

ఇంకో మూడు రోజులు ఉన్నాడు. పడవ బోర్లించి తారు తనే పూశాడు. వెళ్ళే రోజు సామాను కట్టడం అయ్యాక కారు దగ్గర్నించి వెనక్కి వచ్చి, రెండో మెట్టు మీద నిలబడ్డాడు. ఆ మాట పదిహేనేళ్ళలో ఆయన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. ఎలా చెప్పాలో భార్య చెప్పగా వినడమే ఆయనకి తెలుసు.

"వెళ్ళొస్తాం వదినా."

ఒక్క మనిషి, ఒక్క సంచీ. ఎవరూ దిద్దలేదు.

మరుసటి వేసవి మొదటి శనివారం మైకమ్మ తాళం తీసి, కిటికీలు తెరిచి, బల్ల కొలిచింది. పదకొండు జానలు. రెండోసారి కొలవలేదు. అలమరలోంచి పసుపు దారం కప్పు తీసి కడిగి, మరిది కప్పు పక్కన పెట్టి, ఐసు ట్రేలు నింపడానికి లోపలికెళ్ళింది.