ఒళ్లో ఎవరి బిడ్డ

చిత్రకారుడి భార్య ఆ ఆదివారం చర్చిలో అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. తెర తీయగానే మరియతల్లి ఒళ్లో తన బిడ్డను చూసుకోవాలని ఆవిడ ఆత్రం. పందొమ్మిది రోజులు బతికి పోయాడు వాడు. ఒక్క ఫొటో అయినా లేదు. నెల నిండాక తీద్దాంలే అనుకున్నారు మహానుభావులు! అందుకే చర్చివాళ్లు బొమ్మ అడగగానే ఆయనే అన్నాడు, బాలయేసుకి మనవాడి ముఖం పెడతానని. ఆ మాట పట్టుకునే ఆవిడ మంచం దిగింది.

మరియతల్లి బొమ్మ కోసం మూడు నెలలు దిండు చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆయన ముందు కదలకుండా కూర్చుంది. నడుం విరిగిపోతున్నా కిక్కురుమనలేదు. ముక్కు ఇంకాస్త చప్పిడి, కుడిచెవి అంచు లోపలికి మడత అని ఆవిడ చెబుతుంటే ఆయన దిద్దేవాడు. అచ్చం వాడే అయ్యాక ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. ఆఖరి మెరుగులు అక్కడే దిద్దాలంటూ పది రోజుల కిందట ఆయన బొమ్మను చర్చికి తీసుకెళ్లాడు.

తెర తీశారు. తల్లి ముఖం ఆవిడదే. ఒళ్లో మాత్రం ఎవరో బొద్దు పిల్లాడు. చెవులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. చర్చికి పైకప్పు వేయించిన పెద్దాయన మనవడు! వెనక బెంచీలో వాళ్లింటిల్లిపాదీ మురిసిపోతున్నారు.

ఫాదర్‌గారు కర్రతో చూపిస్తూ వివరించారు.

"బిడ్డ చేతిలో దానిమ్మపండు, రేపు కార్చబోయే రక్తానికి గుర్తు. తల్లి చేతులు చూడండి. గట్టిగా పట్టుకోలేదు. ఈ బిడ్డను లోకానికి ఇచ్చేయాలని ఆమెకు ముందే తెలుసు. ఎంత మమకారం, ఎంత త్యాగం!"

త్యాగమట, త్యాగం! దిండును ఎవరైనా గట్టిగా పట్టుకుంటారా? మమకారం మాత్రం నిజమే. అది ఎవడి మీదో ఆయనకేం తెలుసు! ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

బయట మెట్ల మీద మొగుణ్ని నిలదీసింది.

"మనవాడేడండీ?"

ఆయన తల దించుకున్నాడు. "పెద్దాయన పట్టుబట్టాడు. కాదంటే బొమ్మే వద్దంటారని..." ఆపైన ఏదో వరం ఇస్తున్నట్టు చెప్పాడు. "వాణ్ని చెరిపెయ్యలేదే. పైన రంగు వేశానంతే. కిందే ఉన్నాడు, చెక్కుచెదరకుండా."

పెళ్లయ్యాక ఆయన్ని ఏనాడూ ఏకవచనంలో పిలవని మనిషి ఆవిడ.

"మొదటిసారి మట్టేసినప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకున్నావు," అంది. "ఈసారి నాకు చెప్పకుండానే కప్పెట్టొచ్చావా?"