తల్లి నూనె మీద సంతకం

ల్యాబ్‌లో ఆమెకి పెట్టిన పేరు మూతివిరుపు. ఎదురుపడితే మేడమ్ అంటారు, అటు తిరగ్గానే మూతివిరుపు అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. లోకం నిండా దద్దమ్మలే ఉంటే మూతి విరవక ఏం చేయమంటారు మరి? నూనెలూ పొడులూ పరీక్ష చేసి, ఏది ఎంత శాతం ఉందో రాసి, కింద సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. పదహారేళ్ళుగా రకరకాల సీసాలు పట్టుకొచ్చే మనుషుల్ని చూసీ చూసీ ఆ మూతి ఇక మామూలుగా ఉండటం మానేసింది.

ఆ విరుపులో సింహభాగం అక్క మొగుడికి దక్కింది. ఆయన్ని డెమో బావ అంటుంది ఆమె. ఏం అమ్మినా ముందు సొంత హాల్లో పదిమందిని కూర్చోబెట్టి డెమో ఇస్తాడు. మొదట నీళ్ళ ఫిల్టర్లు. తర్వాత అయస్కాంతాలు కుట్టిన పరుపు. ఆ తర్వాత అరికాళ్ళలోంచి విషం లాగేస్తాయని చెప్పి ఏవో పట్టీలు. ఏ ఒక్కటీ ఏడాది నిలవలేదు. ఆయన ఉత్సాహం మాత్రం చెక్కు చెదరలేదు, అదెక్కడి జన్మో గానీ.

ఇప్పుడు నూనె. ఆ ఆదివారం పొద్దున డెమోకి మూతివిరుపు కూడా వచ్చింది. అక్కని చూద్దామని వచ్చి ఇరుక్కుపోయింది పాపం. వెనక వరసలో, తలుపు పక్కన, చేతులు కట్టుకుని కూర్చుంది.

"గంజాయి మొక్క అనగానే అలా మొహాలు పెట్టకండి," అన్నాడు బావ సీసా పైకెత్తి. "అందులో వందకు పైగా పదార్థాలున్నాయి. మత్తెక్కించేది ఒకటి, దాని జోలికి మనం పోం. పేరుమోసింది ఇంకోటి, సీబీడీ, అది అందరూ అమ్ముతారు. ఎవరికీ తెలియంది ఇదిగో, సీబీజీ! మిగతావన్నీ దీన్లోంచే పుడతాయండి. అందుకే తల్లి అంటారు. తల్లి నూనె!"

ముందు వరసలో ఒకావిడ చేతులు జోడించబోయి మానుకుంది.

"కడుపులో మంట, వాపు, నిద్రలేమి, కంట్లో ఒత్తిడి. అన్నిటికీ ఒకటే సీసా."

అబ్బో, కీళ్ళనొప్పులు మర్చిపోయాడే, అనుకుంది మూతివిరుపు. ఆమెకి ఈ సీబీజీ సంగతి బావ కంటే బాగా తెలుసు. మొక్క లేతగా ఉన్నప్పుడు దీని ఆమ్లరూపమే ముందు తయారవుతుంది, నిజమే. మొక్క ముదిరేసరికి అదంతా వేరే పదార్థాలుగా మారిపోయి, చివరికి మిగిలేది సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. ఎలకల పేగుల్లో వాపు తగ్గించిందన్నారు, అదీ నిజమే. ఎప్పుడో పిల్లుల కళ్ళలో వేసి ఒత్తిడి కొలిచారు. మనుషుల మీద జరిగిన పరీక్షలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పనికొస్తుందేమో, రాదేమో, ఇంకా తేలలేదు. కానీ తేలలేదు అని చెప్పి నూనె అమ్మగలరా ఎవరైనా?

"ఆ ఎలకలు మీ కస్టమర్లా బావగారూ?" అంది వెనకనుంచి.

జనం నవ్వారు. బావ కూడా నవ్వాడు, ఆయనకి సిగ్గు పుట్టుకతోనే లేదు. వెంటనే గోడ మీద ఫ్రేము వైపు చెయ్యి చూపించాడు. "మా మరదలే! వెక్కిరిస్తుంది గానీ, ఈ నూనెకి సర్టిఫికెట్ ఇచ్చింది తనేనండి. సీబీజీ పది శాతం, సీబీడీ లేదు. కింద సంతకం చూడండి."

పది తలలూ గోడ వైపు తిరిగాయి. మూతివిరుపు ఒళ్ళు మండిపోయింది. "సీసాలో ఏముందో రాశాను. పనిచేస్తుందని రాయలేదు," అంది. ఎవరూ వినిపించుకోలేదు. ఆ పూట ఆరు సీసాలు పోయాయి.

జనం వెళ్ళాక అక్క కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలెట్టింది. అక్క సిటీ బస్సు డ్రైవరు. పందొమ్మిదేళ్ళుగా ఆమె బస్సుకి గీత పడలేదని డిపోలో చెప్పుకునేవారు. కుర్చీలు మోసుకెళ్తూ ఎడమ పక్కనున్న పొట్టి బల్లకి మోకాలు ఠపీమని కొట్టుకుంది. ఇంకో రెండు కుర్చీలు తెచ్చి మళ్ళీ దానికే కొట్టుకుంది.

"కళ్ళు నెత్తికెక్కాయా ఏంటే?" అంది చెల్లెలు నవ్వుతూ.

అక్క నవ్వలేదు. "డిపోలో కూడా ఇదే గోలే. రెండు నెలల్లో మూడుసార్లు బస్సు ఎడం పక్క గీసుకుపోయింది. స్తంభాలు ఉన్నట్టుండి మొలుచుకొస్తున్నాయి. ఎల్లుండి కళ్ళ పరీక్ష చేయించుకురమ్మన్నారు."

మూతివిరుపు నవ్వు ఆగిపోయింది. అక్కకి గ్లకోమా ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి పక్కచూపుని కొద్దికొద్దిగా కొరుక్కుతినే జబ్బు. నొప్పి ఉండదు, పోయినట్టు తెలియను కూడా తెలియదు, పోయింది మళ్ళీ రాదు. రోజూ సాయంత్రం రెండు కళ్ళలో చుక్కలు వేసుకుంటే అక్కడితో ఆగుతుంది.

"చుక్కలు వేసుకుంటున్నావా?"

"మానేశాను." అక్క తేలిగ్గా చెప్పింది. "అవి వేసుకుంటే కళ్ళు ఎర్రగా అయిపోతాయి. తాగి బండి తోలుతోందని ఎవడో ఫిర్యాదు కూడా చేశాడు. ఎనిమిది నెలలుగా ఈ నూనే, నాలిక కింద పొద్దునా సాయంత్రం."

మూతివిరుపుకి గుండెల్లో రాయి పడింది. మరుక్షణం ఆ రాయి తీసి బావ మీద వేసింది.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? ఊళ్ళో వాళ్ళ చెవిలో పువ్వులు పెట్టావు సరే, పెళ్ళాం కళ్ళతో కూడా ఆడుకుంటావా? కంటి మందు మాన్పిస్తావా?"

"నేను మానమనలేదమ్మాయ్," బావ మొహం పాలిపోయింది. "రెండూ వేసుకోమన్నాను. తనే..."

"నోరు ముయ్యి. అసలా సీసాలో ఏముందో నీకు తెలుసా? నీ బతుకులో ఒక్కటంటే ఒక్క నిజం అమ్మావా?" అక్క ఏదో అనబోతుంటే వినకుండా, "ముందు నువ్వు ఈ సాయంత్రం నుంచే చుక్కలు వెయ్యి," అని, బల్ల మీదున్న సీసా ఒకటి లాక్కుని బయటపడింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. వీడి గాలి తీసేయాలి. కాగితం మీద పెట్టి, అదే గోడకి, అదే మేకుకి తగిలించాలి.

సోమవారం పొద్దున అందరికంటే ముందు ల్యాబ్‌కి వెళ్ళింది. ఆ పని చూడ్డానికి పెద్ద ఆర్భాటంగా ఏమీ ఉండదు. నూనెని పల్చన చేసి మిషన్‌లోకి ఎక్కిస్తారు. లోపల వేలెడంత ఉక్కు గొట్టం ఉంటుంది. నూనెలో ఉన్న ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి ఆ గొట్టం దాటి బయటికొస్తుంది. వచ్చినప్పుడల్లా తెర మీద గీత పైకి లేచి దిగుతుంది. ఎప్పుడు లేచిందో చూసి ఏ పదార్థమో చెప్తారు, ఎంత లేచిందో చూసి ఎంత శాతమో చెప్తారు. అయితే ఈ సీబీడీ, సీబీజీ రెండూ ఒకదాని వెనక ఒకటి, దాదాపు ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుంటూ వస్తాయి. గొట్టం పాతదైనా, తొందరపెట్టినా రెండూ కలిసిపోయి ఒకటే గీతగా లేస్తాయి. అది తెలిసినవాళ్ళు పాతిక నిమిషాలు తీరిగ్గా నడుపుతారు. పని నెత్తిమీద పడి ఉంటే ఏడు నిమిషాల్లో తేల్చేస్తారు.

ఆమె కొత్త గొట్టం బిగించి పాతిక నిమిషాలు నడిపింది. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. గీత లేచింది, ఆకాశమంత. అది సీబీడీ. దిగింది. దాని పక్కన ఇంకోటి మొలిచింది, మొటిమంత. అది సీబీజీ.

"దొరికావురా దొంగా!" అని పైకే అంది. తొమ్మిది శాతం సీబీడీ, తల్లి ఒక్క శాతం. పేరుమోసిన దాన్నే నింపి, ఎవరికీ తెలియని దాని పేరు పెట్టి అమ్ముతున్నాడు. పైగా ఎలకల కళ్ళలో ఈ సీబీడీ ఒత్తిడి పెంచిందని ఆమె ఎక్కడో చదివింది. మనుషుల్లో ఏం చేస్తుందో తేలలేదు గానీ, గ్లకోమా ఉన్న మనిషికి ఇచ్చే సరుకా ఇది? ఎనిమిది నెలల కిందట మంచి సరుకు పరీక్షకిచ్చి, కాగితం చేతికొచ్చాక మార్చేసి ఉంటాడు. ఎంత కంత్రీగాడు!

ఆ మార్పిడి కూడా రుజువు చేద్దామని పాత ఫైలు తెరిచింది.

పాత గ్రాఫులో ఒకటే గీత లేచి ఉంది. బాగా లావుగా లేచి ఉంది. దిగేచోట కుడివైపు చిన్న బొడిపె ఉంది, ఎవరో మోచేత్తో పొడిచినట్టు. పైన మూలలో సమయం రాసి ఉంది. ఏడు నిమిషాలు.

సరుకు మారలేదు. అప్పుడూ ఇదే నూనె.

అంతా గుర్తొచ్చేసింది ఆమెకి. ఆ శుక్రవారం బల్ల నిండా సీసాలున్నాయి. బావ స్వయంగా వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, "నాకు సప్లై చేసేవాడి మీద ఎందుకో నమ్మకం కుదరడం లేదమ్మాయ్. అసలైన సీబీజీయో కాదో నువ్వే చూసి చెప్పు. కాదంటే వెనక్కి పంపేస్తాను," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి ఒక తెలివైన పని చేశాడు. ఆమె ఆయన మొహం కూడా చూడలేదు. ఏడు నిమిషాలు నడిపించింది. ఆ బొడిపె కళ్ళకి కనిపించింది. ఇంకోసారి నడపాలేమో అనిపించింది కూడా. ఏదైతే ఏంటి, కొనేవాళ్ళు వెర్రివెంగళప్పలు, వాళ్ళకి అదైనా ఒకటే ఇదైనా ఒకటే, అనుకుంది. సీసా మీదున్న పేరే కాగితం మీదకి ఎక్కించి సంతకం గీకింది.

పదహారేళ్ళలో మూతివిరుపుకి మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది. అది ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళకే తెలుసు.

ఆ సాయంత్రమే మేనేజరు గదిలోకి వెళ్ళి పాత సర్టిఫికెట్ రద్దు చేయమంది. ఆయన ఎవరి తప్పు అన్నాడు. నాది అంది. విచారణ అవుతుంది మరి, అన్నాడాయన. అవనీ అంది. అదంత కష్టమనిపించలేదు ఆమెకి. అసలు కష్టం మర్నాడు కంటి ఆసుపత్రిలో ఉంది.

మంగళవారం ఆమె చేరేసరికి అక్కకి పరీక్ష మొదలైపోయింది. పలచటి గోడ అవతల చీకటి గదిలో, పెద్ద తెల్లని గిన్నె లాంటి మిషన్‌లో గడ్డం పెట్టి అక్క కూర్చుంది. లోపల అక్కడక్కడ చిన్న దీపం మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలో బొత్తాం నొక్కాలి. బయట బెంచీ మీద బావ, ఆయన పక్కన మూతివిరుపు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. టిక్, టిక్, టిక్ అని వినిపించేది. తర్వాత ఏమీ వినిపించేది కాదు. ఆ నిశ్శబ్దంలో కూడా దీపాలు మెరుస్తూనే ఉంటాయని ఇద్దరికీ తెలుసు.

డాక్టరమ్మ ముగ్గుర్నీ లోపలికి పిలిచింది. అక్క మధ్యలో కూర్చుంది, కుడివైపు బావ, ఎడమవైపు చెల్లెలు. డాక్టరమ్మ కాగితం తిప్పి చూపించింది. ఎడమ సగంలో నల్లటి మచ్చ పరుచుకుని ఉంది.

"ఎడమవైపు పక్కచూపు చాలా పోయిందమ్మా. అది తిరిగిరాదు. ఉన్నది కాపాడుకుందాం, చుక్కలు ఒక్కరోజు కూడా ఆపకండి. బస్సు నడపడానికి మాత్రం నేను రాసివ్వలేను."

అక్క తల ఊపింది. స్టీరింగ్ పట్టుకున్నట్టుగా రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి.

"చుక్కలు మాని నూనె వాడమని ఎవరు చెప్పారు మీకు?" డాక్టరమ్మ గొంతు కాస్త గట్టిపడింది.

"నేనేనండి," అన్నాడు బావ. "ఆ నూనె తెచ్చింది నేనే. తప్పంతా నాదే."

ఎంత హాయి! మూతివిరుపు నోరు మెదపకపోతే సరిపోయేది. ఇన్నేళ్ళుగా ఆమె చేత తిట్లు తింటున్న మనిషి తనంతట తనే తల వంచి కూర్చున్నాడు.

"ఊరుకోండి మీరు," అంది అక్క మొగుడితో. తర్వాత డాక్టరమ్మ వైపు చూసి, "ఈయన మాట నేనెప్పుడు విన్నానండి? ఆ అయస్కాంతాల పరుపు మీద ఒక్కరోజు పడుకోలేదు. ఈయన ఏం చెప్పినా ఇలా విని అలా వదిలేస్తాను. ఇది అలా కాదండి. మా చెల్లెలు పరీక్ష చేసి ఇచ్చిన కాగితం ఉంది. అది ఎవర్నీ ఓ పట్టాన నమ్మే రకం కాదు. ఊరికే సంతకం పెట్టదు. అందుకే ధైర్యంగా మానేశాను," అంది. ఆ మాటలో అప్పటికీ కాస్త గర్వం ఉంది.

"పెట్టానక్కా," అంది మూతివిరుపు. "ఊరికే పెట్టాను. సరిగా చూడకుండా పెట్టాను."

ఎడమవైపు కూర్చున్న చెల్లెల్ని చూడటానికి అక్క తల మొత్తం ఇటు తిప్పాల్సి వచ్చింది.