చెప్పులు చెప్పిన మాట

కండక్టర్ పోయాక కూడా ఇల్లు వదల్లేదు. వదలడానికి ఆయనకు కారణమేమీ కనబడలేదు. తను కట్టించుకున్న ఇల్లు, తను గాలి పీల్చుకున్న కిటికీ. చివరికి కళ్ళు మూసింది కూడా ఆ కిటికీ పక్క కుర్చీలోనే. మేనల్లుడు మాటవరసకైనా చెప్పకుండా ఇల్లు అమ్మేసి చక్కా పోయాడు. ఒకరోజు పొద్దున్నే గేటు ముందు లారీ ఆగింది. బీరువా దిగింది, మంచాలు దిగాయి, వాటి వెనక ఒక కొడుకు, ఒక కోడలు, ఒక అత్తగారు దిగారు.

కండక్టర్ గుమ్మంలో నిలబడి ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. బతికున్నన్నాళ్ళూ బస్సులో మొహాలు చదివిన మనిషి. టికెట్ లేనివాడు కండక్టర్ దగ్గరికి రాగానే కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఈ కొడుకు వచ్చిన దగ్గర్నుంచీ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

టికెట్ లేని బాపతు, దింపెయ్యాలి, అనుకున్నాడు కండక్టర్.

దింపడం ఎలా? ఈల వేద్దామంటే ఊపిరి లేదు. కేకేద్దామంటే గొంతు లేదు. చేతుల్లో మాత్రం పిసరంత సత్తువ మిగిలింది. అర్ధరాత్రి తలుపులు కిర్రుమనిపించడం లాంటివి ఆయన ఒంటికి పడవు. సర్వీసంతా మొదటి షిఫ్టులో చేసినవాడు, చీకటి పడితే నిద్ర ముంచుకొస్తుంది. అందుకని తెల్లారుతూనే వరండాలో విడిచిన చెప్పులన్నీ వరుసగా పేర్చి, మొనలు వీధివైపు తిప్పిపెట్టాడు. స్టాపు వచ్చింది, దిగండి. ఇంతకంటే ఎవరు మాత్రం ఎలా చెబుతారు?

వాళ్ళకు అర్థమైంది. కాకపోతే ఇంకో రకంగా అర్థమైంది.

ముందు అత్తగారు చూసింది. "ఓహో" అని లోపలికెళ్ళింది. తర్వాత కోడలు చూసింది. ఏమీ అనకుండా చెప్పులు ఇంటివైపు తిప్పి, అత్తగారి గదికేసి ఒక చూపు విసిరింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"మీ అమ్మగారికి నేను పుట్టింటికి పోవాలని ఉంటే నోటితో చెప్పొచ్చు కదండీ" అంది కోడలు వంటింట్లో, గిన్నె తోముతున్నదల్లా ఆపి. "చెప్పులతో చెప్పించడం ఎందుకు?"

కొడుకు కిటికీలోంచి బయటికి చూశాడు.

గదిలో అత్తగారు కూతురితో ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "నోరు తెరిచి పొమ్మనలేదే. చదువుకున్న పిల్ల కదా, గెంటడం కూడా పద్ధతిగా గెంటుతోంది."

కండక్టర్‌కు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి బెదిరిస్తుంటే ఒక్కరూ తన ఊసెత్తరే. తను ఉన్నట్టు తెలిసే నాటకమాడుతున్నారేమోనని కూడా అనుమానమొచ్చింది. ముగ్గురి వెనకా నక్కి నక్కి తిరిగాడు. ఎవరి అనుమానంలో వాళ్ళు మునిగున్నారు, దెయ్యాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. పంతం పట్టి ఒకరోజు చెప్పుల్ని ఏకంగా గేటు అవతల పెట్టాడు. కొడుకూ కోడలూ అప్పటికే తమవి తొడుక్కుని పనికెళ్ళిపోయారు. దొరికినవి అత్తగారివే.

అత్తగారు గేటు దాకా వెళ్ళి వాటిని చూసింది. వచ్చి సంచి సర్దుకుంది.

"కొన్నాళ్ళే కదమ్మా" అంది ఫోనులో కూతురు. "హాల్లో మడతమంచం వేస్తాలే."

మరుసటి ఉదయం టాక్సీ వచ్చింది. బయల్దేరేముందు అత్తగారు కిటికీ పక్క కుర్చీని కొంగుతో తుడిచింది. "దీన్ని పారెయ్యకే అమ్మాయ్" అంది కోడలితో. "ఎవరో గాలి విలువ తెలిసినవాడు వేసుకున్నాడిక్కడ."

"మీరుంటానంటే నేను కాదన్నానా అత్తయ్యా?" అంది కోడలు, మొహం పక్కకి తిప్పుకుని.

"నువ్వేమీ అనలేదులే. అనకుండానే అన్నీ అన్నావు."

కండక్టర్‌కు గుండె ఉండే చోట కలుక్కుమంది. చిల్లర కోసం పోట్లాడాడు, తాగొచ్చినవాళ్ళని మెడపట్టి దింపాడు. అంతేగానీ ముసలివాళ్ళని సగం దారిలో దింపేశాడన్న మాట మాత్రం ఏనాడూ పడలేదు. ఇప్పుడు పడబోతున్నాడు, అదీ చచ్చాక.

అత్తగారు టాక్సీలో కూర్చుంది. ఇంజను మోగింది. కండక్టర్ పరుగెత్తుకెళ్ళి, ఉన్న సత్తువంతా అరచేతిలోకి తెచ్చుకుని బండి పక్కన ఫట్‌మని ఒక్కటి చరిచాడు.

ఒక్క దెబ్బంటే ఆపమని. డ్రైవర్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"ఎవరండీ కొట్టింది?"

ఎవరూ కొట్టలేదు. కొడుకు చేతుల్లో సంచి, కోడలి చేతుల్లో మంచినీళ్ళ సీసా. నలుగురూ చూస్తుండగానే వరండాలో అత్తగారు వదిలేసిన పాత చెప్పులు కదిలాయి. ముందు ఎడమది, ఆయాసపడుతూ కుడిది, గిర్రున తిరిగి మొనలు ఇంటివైపు పెట్టుకుని నిలబడ్డాయి.

"అత్తయ్యా" అంది కోడలు మెల్లగా, "మీరు ఇక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నాను. నువ్వూ ఇక్కడే ఉన్నావు కదే?"

ఇద్దరూ కలిసి కొడుకు వైపు తిరిగారు.

"నా చేతిలో సంచి ఉంది" అన్నాడు కొడుకు.

"అయితే ఇన్నాళ్ళూ మీరు కాదా?" అంది కోడలు అత్తగారితో.

"నువ్వు కాదూ?"

"అయితే దెయ్యమన్నమాట" అని అత్తగారు నిండుగా ఊపిరి వదిలింది. "ఆ ముక్క ముందే తెలిస్తే చీరలు మడతపెట్టే బాధ తప్పేది."

"దిగండి అత్తయ్యా" అంది కోడలు తలుపు తీస్తూ. "దెయ్యమేనట. ఇంక భయమేం లేదు."

భయమంతా డ్రైవర్‌దే. కండక్టర్ జాలిపడి బండి మీద రెండు చరిచాడు. రెండు దెబ్బలంటే రైట్. టాక్సీ మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

ఆ రోజు నుంచి చెప్పులు ఎవరు ఎటు విడిస్తే అటే ఉన్నాయి. కండక్టర్‌కు మాత్రం కొత్త చిక్కు వచ్చిపడింది. పాలు పొంగినా ఆయనే, తాళంచెవి కనబడకపోయినా ఆయనే.

"బిస్కెట్ల డబ్బా ఖాళీ అయింది. డాక్టరు మిమ్మల్ని తీపి ముట్టొద్దన్నాడు గుర్తుందా?" అంది ఒక సాయంత్రం కోడలు.

"పాపం, పెద్దాయన తినుంటాడే" అంది అత్తగారు.

కండక్టర్ నిర్ఘాంతపోయాడు. సర్వీసులో ఒక్క మెమో కూడా లేని మనిషి. కుర్చీ దగ్గరికెళ్ళి ఆమె మొహంలోకి వంగి చూశాడు. బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది. అత్తగారు నోరు గట్టిగా బిగించి, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కండక్టర్ కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత, సర్వీసులో మొట్టమొదటిసారి, చూసీ చూడనట్టు ముందుకు జరిగిపోయాడు.