పన్నెండు కిలోల సైకిల్

ఉదయం ఎనిమిదిన్నరకు వదిన షెడ్డు తలుపు తీసేసరికి యంత్రం ఆగిపోయి ఉంది. అది ఆగకూడదు. పాత కారు వైపరు మోటారుకు ఇనుప చెయ్యి తగిలించి ఆమె స్వయంగా చేసుకున్న యంత్రం అది. దానికి ఒకటే పని: సైకిల్ మధ్యలో ఉండే మడత బందు పలకను రెండు లక్షల సార్లు వంచి చూడటం. లెక్క చూపే డబ్బా మీద అంకె అరవై ఒక్క వేల దగ్గర నిలిచిపోయింది. వంగి చూస్తే పలక రెండు ముక్కలై కనిపించింది.

ఊరికే విరిగి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకుని ఇంకో పలక కోసుకునేది. కానీ దీని జోడు, ఇదే రేకులోంచి ఒకే రోజు కోసిన పలక, ఇప్పుడు ఆమె ఆడపడుచు నడుము కింద ఉంది. ఆ మనిషి ఆ సైకిలెక్కి బయల్దేరి అరగంటయింది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ, ఈ ఇంట్లో ఆ అర్ధమొగుడు వదిన ముందు కిక్కురుమనదు. ఇంటింటికీ తిరిగి పుళ్లకు కట్లు మార్చే నర్సు ఆమె. మూడేళ్ల క్రితం వెన్నెముకకు ఆపరేషన్ అయ్యాక మామూలు సైకిల్ సీటు మీద పది నిమిషాలు కూర్చోలేకపోయేది. పోనీ నడుద్దామా అంటే, రైల్లో రెండు స్టేషన్లు దాటాక కొండవాలు కాలనీలో రోజుకు ఎనిమిది ఇళ్లు. అందులో సగం ఇళ్లకు మెట్లే.

వదిన ఆసుపత్రి మంచాలు చేసే కంపెనీలో పద్దెనిమిదేళ్లు బందులు గీసిన మనిషి. ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ మడవాలో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే సైకిల్ ఒకటి తయారుచేసింది. అలాంటివి మామూలుగా మంచమంత పొడుగుంటాయి, మోయడం ఎవరి వల్లా కాదు, మెట్ల కింద వదిలితే మిగలవు. ఈమె చేసినది మాత్రం రెండు మడతలు పెడితే చక్రాలు రెండూ పక్కపక్కన చేరి, పట్టీతో భుజానికి తగిలించుకునేంత అవుతుంది. వీధిలోవాళ్లు దానికి మంచం సైకిల్ అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా వదినకు అరికాలి మంట నెత్తికెక్కేది.

చిక్కు బరువు దగ్గర వచ్చింది. పన్నెండు కిలోలు దాటి ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. సైకిల్ పన్నెండు కిలోల మూడు వందల గ్రాములు తూగింది. మూడు వందలేగా అని ఆడపడుచు అంటే వదిన వినలేదు. ఆమె పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. చైను మీది కవరు పీకేసింది, సీటుకు సన్న గొట్టాలు వేసింది, గంట కూడా తీసేసింది. అన్నీ కలిసి వంద గ్రాములు కూడా తగ్గలేదు. చివరికి బందు పలకనే పలచన చేసి, దాని నిండా తొమ్మిది రంధ్రాలు వేసింది. కాగితం మీద మూడుసార్లు లెక్క చూసుకుంది, నిలిచింది. వంచి చూసే యంత్రం ఇంకా తయారుకాలేదు. నిలిచిందిగా అని సైకిల్‌కు బిగించేసింది. కాటా పదకొండు కిలోల తొమ్మిది వందలు చూపిస్తే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది. అది జరిగి రెండు వారాలు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆడపడుచు ఫోన్ కట్ల సంచీలో అడుగున ఉంటుంది, పని పూర్తయ్యేదాకా తియ్యదు. భర్తకు చేస్తే, కంగారు పడకు, దానికేమీ కాదన్నాడు. ఏమీ కాదనడానికి ఆయన ఈ పలక చూడలేదు. విరిగిన ముక్కలు గుప్పిట్లో పట్టుకుని వదిన స్టేషన్‌కు పరిగెత్తింది.

రైల్లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఆడపడుచు రోజూ సాయంత్రం చెప్పే కబుర్ల వల్ల ఆమె తిరిగే దారంతా వదినకు కంఠతా వచ్చు. మొదటి ఇల్లు స్టేషన్ పక్కనే ఉండే దర్జీది. ఆయన పాదం మీది పుండుకు కట్టు మార్చడానికి అరగంట పడుతుంది. ఆ తర్వాత కిలోమీటరు పొడుగునా ఏటవాలు రోడ్డు, రెండు మలుపులు, బస్సుల రద్దీ. పలక విరిగేది బ్రేకు పడినప్పుడే. విరిగితే సైకిల్ మధ్యకు మడతపడిపోతుంది, మనిషి వీపు నేలకు తగులుతుంది. ఆ వీపు నిండా డాక్టర్లు బిగించిన మరలు.

గుప్పిట విప్పి ముక్కలు చూసింది. బీట మూడో రంధ్రం దగ్గర మొదలైంది. ఆ రంధ్రం అసలు గీతలో లోపలికి ఉండాలి. వరస వంకరగా కనిపిస్తోందని తానే దాన్ని రెండు మిల్లీమీటర్లు అంచువైపు జరిపింది. తోలు తొడుగు కింద ఎవరికీ కనిపించని పలకకు అందం దేనికి? ఆ రెండు మిల్లీమీటర్లు తలుచుకుంటే ఆమెకు తన చేతులు తనకే అసహ్యమనిపించాయి.

దర్జీ ఇంటి తలుపు కొడితే ఆయన భార్య వచ్చింది. నర్సమ్మ ఇప్పుడే వెళ్లింది, రెండు నిమిషాలు కూడా కాలేదంది.

వదిన రోడ్డు మీదికి వచ్చి చూసింది. ఇలాంటి సైకిల్ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, బండ్లవాళ్లకు కనబడాలని వెనక పొడుగాటి కర్రకు నారింజరంగు జెండా కట్టి ఉంటుంది. వాలు మధ్యలో ఆ జెండా రెపరెపలాడుతూ దిగుతోంది. వెనకే ఒక బస్సు. అరిచినా అంత దూరం వినిపించదు. జెండా మొదటి మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

చెప్పులు జారుతున్నాయని అక్కడే వదిలేసి పరిగెత్తింది. ఏభై దగ్గరపడిన మనిషి వాలులో పరిగెత్తితే కాళ్లు తన మాట వినవు. ఎదురొచ్చినవాళ్లు తప్పుకున్నారు. కింద ఎక్కడో బస్సు బ్రేకులు కీచుమన్నాయి. తెలిసిన దేవుళ్లందరినీ ఒక్క గుక్కలో పిలిచేసింది.

మలుపు తిరిగితే బస్సు స్టాపులో నిలబడి ఉంది, జనం దిగుతున్నారు. దానికి చాలా కింద, రోడ్డు చదునయిన చోట, మూడంతస్తుల మేడ ముందు ఆడపడుచు నింపాదిగా సైకిల్ మడుస్తోంది. వదిన చేరుకునేసరికి దాన్ని భుజానికి ఎత్తుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"కింద పెట్టు," అంది వదిన.

ఆడపడుచు వెనక్కి తిరిగి ముందు ఆమె ఉత్త పాదాలు చూసింది, తర్వాత ముఖం చూసింది. సైకిల్ దించింది. వదిన మోకాళ్ల మీద కూర్చుని తోలు తొడుగు తాళ్లు విప్పింది. లోపల పలక ఉంది. దళసరిగా, నున్నగా, ఒక్క రంధ్రం కూడా లేకుండా.

"ఇది పాతది," అంది వదిన.

రెండో రోజే మార్చేశానని ఆడపడుచు ఒప్పుకుంది. ఈ వాలులోనే బ్రేకు వేస్తే కింద టిక్కుమని చప్పుడైందట. మర్నాడు వదిన స్నానానికి వెళ్లినప్పుడు తుక్కు డబ్బాలోంచి పాత పలక తీసి, నాలుగు బోల్టులే కదా అని తానే బిగించుకుందట.

వదినకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ వెనకే, ఎప్పటిలాగే, కోపం కూడా వచ్చింది. పన్నెండు దాటి ఎత్తొద్దని డాక్టరు అంతలా చెబితే, రెండు వారాలుగా ఆ బరువు మోస్తున్నావా అని అడిగింది. మోస్తున్నానని, సాయంత్రం నొప్పి మాత్ర వేసుకుంటున్నానని ఆడపడుచు నేల చూస్తూ చెప్పింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆడపడుచు సంచీ పట్టీ సర్దుకుంది.

"సీటు గుచ్చుకుంటోందంటే నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఫ్రేము కోసేస్తానని రంపం పట్టుకుంటే అన్నయ్య బతిమాలి ఆపాడు. ఇక పలకే బాగాలేదంటే ఏం చేస్తావోనని భయమేసింది వదినా. నడుం నొప్పికి అలవాటు పడ్డాను గానీ, నీ కోపానికి పడలేకపోయాను."

వదిన ఆ మెట్టు మీదే కూలబడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇనుము విరుగుతుందో లేదో తెలుసుకోవడానికి రెండు లక్షల సార్లు వంచే యంత్రం కట్టుకుంది. రోజూ దాని మీద పడుకుని తొక్కే మనిషి మొదటి రోజే కనిపెట్టిన సంగతి మాత్రం ఇంట్లో తన దాకా రాలేదు. రాకుండా చేసింది ఎవరో కాదు. ఈవేళ రోడ్డు మీద ఏదైనా జరిగి ఉంటే, ఆ పాపం పలకది అయ్యేది కాదు.

గుప్పిట్లోని ముక్కలు మెట్టు మీద పెట్టి, గీరుకుపోయిన అరికాలు చేత్తో తుడుచుకుంది.

"ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?"

ఆడపడుచు పైన మూడో అంతస్తు కిటికీ వైపు చూసింది. తర్వాత వదినను చూసింది.

"కోపం రాదు కదా?"

"వస్తుంది. అయినా చెప్పు."

ఆడపడుచు సంచీ దించి, నడుము మీద చెయ్యి ఆనించుకుని, నెమ్మదిగా ఆమె పక్కన కూర్చుంది.

"మొదటిది బ్రేకు," అంది.